పంచాయతీ గిడ్డంగిలోని గొలుసు రంపము

కోనసీమవాసులకు తుపాను క్రొత్త కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన పెనుతుపానునకు అమలాపురం ప్రాంతమున కొబ్బరితోటలు నేలకొరిగినవి. అట్టి వేళ గ్రామమునకు మొదట కావలసినది బాట. అడ్డముపడిన మానును గొడ్డలితో నరుకుటకు ఎంతో సేపు పట్టును. పెట్రోలుతో నడచు గొలుసు రంపము కొద్ది నిమిషములలో కోయును. ఆ ముక్కలే పిదప వంటచెరకగును. కాని ఏండ్ల తరబడి మూలబడిన రంపము ఆపద్వేళ పనిచేయునా? ఈ ప్రశ్నను ముందుగానే వేసికొనవలెను.

బాగుచేయు విధము

మొదట ప్లగ్గు తీగను ఊడదీయవలెను. టాంకిలోని పాత పెట్రోలును పారబోయవలెను. నేటి పెట్రోలులో కలిసియుండు ఇథనాలు తేమను పీల్చును. నిలువయున్నచో కార్బురేటరులోని పలుచని పొరయు, రబ్బరు గొట్టములును చెడును. వీనిని మార్చి, గాలి ఫిల్టరును శుభ్రపరచి, క్రొత్త ప్లగ్గు వేసినచో పెక్కు పాత ఇంజనులు మరల నడచును.

ఈ ఇంజనునకు పెట్రోలులోనే టూ-టీ ఆయిలు కలుపవలెను. యంత్రమును బట్టియు, ఆయిలు రకమును బట్టియు లీటరునకు 20 నుండి 40 మిల్లీలీటర్లు వాడుదురు. తయారీదారు పుస్తకము చెప్పినదే ప్రమాణము. ఆయిలు కలుపని పెట్రోలు పోసినచో పిస్టను పట్టివేయును. గొలుసునకు వేరొక టాంకిలో ఆయిలు పోయవలెను.

రంపము తునకలకు బదులు మెత్తని పొడి రాల్చినచో పళ్లు మొద్దుబారినవని గ్రహింపవలెను. తగిన కొలత గల గుండ్రని ఆకురాయితో, లోపలినుండి వెలుపలికే, ప్రతి పంటిని సమముగా పదును పెట్టవలెను. బురదయు, ఇసుకయు అంటిన మానును కడిగి కోసినచో పదును నిలుచును.

జాగ్రత్తలు

గొలుసు బ్రేకు పనిచేయని రంపమును ఎవరి చేతికిని ఈయరాదు. రంపపు మొన పైభాగము కొయ్యకు తగిలినచో యంత్రము ఎగిరి మనిషి మీదికి వచ్చును. కావున రెండు చేతులతో పట్టవలెను. శిరస్త్రాణము, కంటి అద్దములు, బూట్లు ధరింపవలెను. విద్యుత్తు తీగ పడిన చెట్టును, సరఫరా నిలిపిరని రూఢి యగువరకు తాకరాదు.

పంచాయతీ కర్తవ్యము

రంపమునకు శిక్షణ పొందిన ఒక బాధ్యుని నియమింపుడు. నెలకొకసారి నడిపించి, ఆ తేదీని పుస్తకమున వ్రాయింపుడు. అక్టోబరు, నవంబరు తుపానులకు ముందే, సెప్టెంబరులో పదునును, బ్రేకును పరీక్షింపుడు. పని ముగిసిన వెనుక టాంకి ఖాళీచేసి దాచుడు. ఆకురాయికిని, ప్లగ్గునకును అగు వ్యయము స్వల్పము. బాట మూతపడిన రాత్రి ఆసుపత్రికి చేరవలసిన రోగి ప్రాణము అమూల్యము.