బీపీకి ఆపరేషనా?

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. ఆరేళ్లుగా బీపీ ఉంది. మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా 160/100కి తగ్గట్లేదు. కాళ్లు పీకేస్తున్నాయంటారు, రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేస్తారు. పొటాషియం 2.9 ఉంది. సీటీ స్కాన్‌లో ఎడమ అడ్రినల్ గ్రంథిలో ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. ఆల్డోస్టిరాన్ ఎక్కువైందని, ఆ గ్రంథి తీసేయాలని అంటున్నారు. బీపీకి ఆపరేషన్ ఏమిటండీ? భయంగా ఉంది.
– ఒక సోదరి, హబ్సిగూడ

జవాబు: భయపడకండమ్మా. మందులతోనే నెట్టుకురావాల్సిన బీపీలే ఎక్కువ. ఆపరేషన్‌తో మూలం తీసేయగల బీపీలు కొన్నే. మీ వారిది అలాంటిదే కావచ్చు. అయితే స్కాన్ ఒక్కటే చూసి కత్తి పట్టకూడదు.

అడ్రినల్ అంటే మూత్రపిండాల పైన చెరొకటిగా ఉండే చిన్న గ్రంథులు. వాటిలో తయారయ్యే ఆల్డోస్టిరాన్ హార్మోను ఒంట్లో ఉప్పును నిలిపి, పొటాషియాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. అది మోతాదు మించితే బీపీ పెరుగుతుంది. పొటాషియం తగ్గినందువల్లే ఆ కాళ్ల పీకుడు, రాత్రిపూట మూత్రం. 1954లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరోమ్ కాన్ ఒక యువతిలో ఈ జబ్బును మొదటిసారి గుర్తుపట్టారు. గడ్డ తీశాక ఆమె కోలుకుంది. కాన్ సిండ్రోమ్ అన్న పేరు అలా వచ్చింది. పొటాషియం మామూలుగానే ఉండే రోగులూ చాలామంది ఉంటారు కాబట్టి, ఈ జబ్బు ఏళ్ల తరబడి ఎవరికంటా పడదు.

రక్తంలో ఆల్డోస్టిరాన్, రెనిన్ నిష్పత్తి చూసి జబ్బు తేలిందనుకుందాం. తర్వాత ఏ వైపు గ్రంథిది తప్పో తెలియాలి. నలభై దాటినవారిలో ఏ హానీ చేయని గడ్డలు అడ్రినల్‌లో మామూలే. ఎడమవైపు గడ్డ కనబడినా, హార్మోను కుడి గ్రంథి నుంచో, రెండింటి నుంచో రావచ్చు. అందుకే తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి, రెండు గ్రంథుల సిరల నుంచీ విడివిడిగా రక్తం తీసి పోల్చాలి. కుడి సిర చిన్నది, దొరకడం కష్టం. చెయ్యి తిరిగిన చోటే చేయించండి. ముందుగా ఎండోక్రైనాలజిస్టును కలవండి. పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. హబ్సిగూడ నుంచి మెట్రోలో వెళ్తే అమీర్‌పేటలో మారితే సరి.

ఈలోగా పొటాషియం సరిచేయాలి. 2.9ని తేలిగ్గా తీసుకోకండి, గుండె లయ తప్పొచ్చు. కొన్ని బీపీ మందులు పరీక్షల ఫలితాన్ని తారుమారు చేస్తాయి. వాటిని ఎప్పుడు మార్చాలో డాక్టరే చెప్పాలి, మీరుగా ఆపొద్దు. గడ్డ కార్టిసాల్ కూడా తయారుచేస్తోందేమో ఆపరేషన్‌కు ముందే చూడాలి.

తప్పు ఒక్క వైపే ఉంటే లాప్రోస్కోపీతో ఆ గ్రంథి తీసేస్తారు. రెండోది ఒక్కటే ఒంటికి చాలు. ఇంత చిన్న గడ్డ క్యాన్సర్ కావడం చాలా అరుదు. పొటాషియం దాదాపు అందరికీ కుదుటపడుతుంది. మాత్రలు పూర్తిగా మానేయగలిగేది మాత్రం సుమారు మూడో వంతు నుంచి సగం మందే, మిగిలినవారిలో ఎక్కువమందికి తగ్గుతాయి. ఆరేళ్ల బీపీ కాబట్టి మీ వారికి ఒకటి రెండు మాత్రలు మిగలొచ్చు. రెండు వైపులా తప్పుంటే ఆపరేషన్ వద్దు, స్పైరనోలాక్టోన్ లాంటి మందులున్నాయి. స్పైరనోలాక్టోన్ వల్ల మగవారికి రొమ్ములు ఉబ్బితే ఎప్లెరినోన్‌కు మారుస్తారు.

మామూలుగా ఉప్పు రోజుకు 5 గ్రాములు మించొద్దని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. కానీ ఆపరేషన్ అయిన మొదటి కొన్ని వారాలు ఉప్పు మరీ తగ్గించొద్దు. మిగిలిన గ్రంథి మేలుకునే దాకా పొటాషియం ఎక్కువైపోవచ్చు. అందుకే పొటాషియం మందును ఆపేసి, రక్తపరీక్ష మళ్లీ మళ్లీ చేయిస్తారు. మీ వారి అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో బీపీ ఉంటే, వారికీ ఆల్డోస్టిరాన్ పరీక్ష చేయించండి.