గుళికల పొయ్యి: మరమ్మతు, గదిలో గాలి మార్గం

కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నది. సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి ప్రాంతాలూ ఇటువంటి కొండనేలలే. పుష్యమాసపు రాత్రులలో ఇక్కడ ఉష్ణోగ్రత పది డిగ్రీల దిగువకు జారడం సాధారణం. శ్రీకాకుళం, విజయనగరం పల్లపు ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఈ చలి కొత్త. కిటికీ మూసి, తలుపు సందులలో గుడ్డ దోపి, వంట ముగిసిన పొయ్యిని పడకగదిలోకి తెచ్చుకోవాలనిపించడం సహజమే. రాయగడ నాగావళి ఒడ్డున, చాలా దిగువన ఉన్నందున అక్కడ చలి కొంత తక్కువ. అయితే వానాకాలపు తేమ రెండు చోట్లా గుళికలను పాడు చేస్తుంది. పొయ్యి మరమ్మతూ గదిలో గాలి మార్గమూ వేర్వేరు విషయాలుగా కనిపించినా, ఒకటి చెడితే రెండవది ప్రాణం మీదికి తెస్తుంది. కనుక రెండింటినీ ఈ పాఠంలో కలిపి చెప్పుకొందాం.

గుళికల పొయ్యి మనకు పూర్తిగా అపరిచితమైన వస్తువు కాదు. అవ్వ చేతి ఊదుగొట్టం చేసిన పనినే ఇందులో చిన్న విద్యుత్ పంకా చేస్తుంది. రంపపు పొట్టు, చెరకు పిప్పి, వేరుశనగ తొక్కలు వంటి వాటిని యంత్రంతో గట్టిగా అదిమి, చిటికెనవేలి కంటె సన్నని కడ్డీలుగా తీస్తే అవే గుళికలు. బజారులో వీటిని పెల్లెట్లు అంటారు. మన దేశంలో ఇటువంటి పొయ్యికి ప్రచారం తెచ్చినది ‘ఊర్జా’. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సహకారంతో బ్రిటిష్ పెట్రోలియం సంస్థ దానిని 2006లో విపణిలోకి తెచ్చింది. లక్షల సంఖ్యలో అమ్ముడైనా, గుళికల ధర పెరిగి సరఫరా కుంటుపడడంతో చాలా ఇళ్ళలో అది మూలకు చేరింది. పొయ్యి కొనేముందు గుళికలు ఏడాది పొడవునా ఎక్కడ దొరుకుతాయో విచారించుకోవలసిన అవసరం ఇప్పటికీ ఉన్నది.

పొయ్యిలో గాలి రెండు దారుల వెళ్తుంది. అడుగున ఉన్న జల్లెడ పలక గుండా కొంత గాలి పైకి వచ్చి గుళికలను వేడెక్కించి, వాటి నుంచి మండే వాయువులను వెలికి తెస్తుంది. పైవరుస రంధ్రాల నుంచి దూకే గాలి ఆ వాయువులను అక్కడికక్కడే మండిస్తుంది. రెండూ సమంగా ఉన్నప్పుడు మంట నిటారుగా, దాదాపు పొగ లేకుండా ఉంటుంది. పంకా మందగించినా, పైరంధ్రాలు మసితో పూడినా ఆ వాయువులు సగం కాలి గదిలోకి వస్తాయి. మంట పసుపుగా సాగిలపడడం, గిన్నె అడుగున మసి దట్టంగా పేరుకోవడం ఇందుకు తొలి గుర్తులు. గిన్నె తోముకొని ఊరుకోక ఆ రోజే పొయ్యిని విప్పి చూడాలి.

మరమ్మతు ఎల్లప్పుడూ పొయ్యి పూర్తిగా చల్లారిన తరువాత, బ్యాటరీ తీగ ఊడదీసి, ఆరుబయట చేయాలి. జల్లెడ పలక రంధ్రాలను సన్నని ఇనుప కడ్డీతో ఒక్కొక్కటిగా పొడిచి బూడిద దులపాలి. పైరంధ్రాలకు పాత పళ్ళబ్రష్షు చాలు. పంకా రెక్కలపై నూనెతో కలిసిన దుమ్ము అంటుకొంటుంది. దానిని పొడిగుడ్డతో తుడవాలి, నీరు తగలనీయరాదు. రెక్కలు శుభ్రంగా ఉన్నా పంకా నెమ్మదిగా తిరుగుతుంటే లోపం సాధారణంగా బ్యాటరీలోనో, తీగ అతుకులోనో ఉంటుంది. సెల్‌ఫోన్లు, రేడియోలు బాగుచేసే మెకానిక్కు ఈ పని తెలిసే ఉంటుంది. లోపలి మట్టిపూతకు వెంట్రుకవాసి బీటలు వస్తే వెంటనే భయపడనక్కరలేదు. పెచ్చులు ఊడి ఇనుప గోడ కనిపిస్తే మాత్రం, కొత్త పూత వేయించేవరకు పొయ్యి వాడకూడదు. తడి బంకమన్నుతో ఇంట్లో చేసే అతుకు రెండు మూడు వంటలకే రాలి, ఆ ముక్కలు జల్లెడను మూసివేస్తాయి.

చాలాసార్లు లోపం పొయ్యిలో గాక గుళికలలో ఉంటుంది. మంచి గుళికను విరిస్తే పుటుక్కున విరుగుతుంది. మెత్తగా వంగినా, వేళ్ళ మధ్య పొట్టుగా రాలినా దానికి చెమ్మ పట్టిందని అర్థం. జూన్ నుంచి అక్టోబరు దాకా గుళికలను మూత బిగువుగా ఉన్న డబ్బాలో, నేలకు ఆనకుండా పీట మీద ఉంచాలి. చెమ్మ గుళికలను అంటించడానికి కిరోసిన్ పోయడం కొందరి అలవాటు. వేడి పొయ్యిలో కిరోసిన్ ఆవిరై, అగ్గిపుల్ల గీయగానే ముఖం మీదికి భగ్గుమంటుంది. మండుతున్న పొయ్యిలో పైనుంచి గుప్పెడు గుళికలు వేసినా ఇటువంటి ప్రమాదమే. మంట ఆరి తెల్లని పొగ కమ్ముకొని, కొన్ని క్షణాలకు ఒక్కసారిగా అంటుకొంటుంది.

కంటికి కనబడని వాయువు

మంట ఆరిన తరువాత పొయ్యి అడుగున ఎర్రని కణికలు మిగులుతాయి. పొగ లేదు, వాసన లేదు, వెచ్చదనం మాత్రం హాయిగా ఉన్నది. అత్యంత ప్రమాదకరమైన దశ ఇదే. కణికల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతూనే ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పాత పాఠ్యపుస్తకాలలో మనం చదువుకొన్న ‘బొగ్గుపులుసు వాయువు’ ఇది కాదు. అది మనం ఊపిరితో విడిచే కార్బన్ డయాక్సైడ్. పేర్లు దగ్గరగా ఉన్నందువల్ల రెండింటినీ ఒకటిగా తలచడం పరిపాటి, అందుకే ఇక్కడ ఆంగ్ల నామాన్నే ఉంచాము. కార్బన్ మోనాక్సైడ్ నెత్తురులోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. మెదడుకూ గుండెకూ అందవలసిన ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్నవారికి తెలివి వచ్చే అవకాశమే ఉండదు.

కుంపటి మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నదే కదా, బాలింత గదిలో నిప్పులు పెట్టి సాంబ్రాణి వేయడం ఆచారమే కదా అని పెద్దలు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ కుంపటి ఉన్నది పెంకుటింట్లో. పెంకుల సందుల గుండా, దూలాల పైనున్న ఖాళీల గుండా గాలి రాత్రంతా కదులుతూనే ఉండేది. ఇప్పుడు మనం అద్దెకు ఉంటున్నది సిమెంటు శ్లాబు కింద, ఒకే కిటికీ ఉన్న పది అడుగుల గదిలో. నిప్పు పాతదే, ఇల్లు మారింది. పైగా కడుపులోని బిడ్డకూ, పసిపిల్లలకూ, గుండెజబ్బు ఉన్నవారికీ ఈ వాయువు వల్ల ముప్పు మరింత ఎక్కువ. బాలింత గదికి వెచ్చదనం కావాలంటే వేడినీటి సంచి, ఉన్ని దుప్పటి, కంబళి మేలు. కుంపటి పక్కన నీళ్ళ గిన్నె పెడితే విషవాయువును పీల్చుకొంటుందనే నమ్మకంలో నిజం లేదు.

గాలికి దారి

వంటగదిలో గాలికి రెండు తోవలు కావాలి. ఒకటి నేలకు దగ్గరగా, చల్లగాలి లోపలికి రావడానికి. మరొకటి పైకప్పుకు దగ్గరగా, వేడిగాలి వెళ్ళిపోవడానికి. పై కిటికీ మాత్రమే తెరచి కింద తలుపు బిగించితే గాలి సరిగా కదలదు. అగరువత్తి వెలిగించి పై కిటికీ వద్ద పట్టుకొంటే పొగ బయటికి సాగుతున్నదో, లోపలికే తిరిగివస్తున్నదో తెలిసిపోతుంది. పొగగొట్టం ఉన్న పొయ్యి అయితే అతుకుల వద్ద కూడా ఈ పరీక్ష చేయాలి. పొయ్యి మండుతుండగా అతుకు వద్ద అగరుపొగ లోపలికి పీల్చుకొంటే గొట్టం పని చేస్తున్నట్టు. చెదిరి మన వైపు వస్తే అక్కడ వాయువు గదిలోకి కారుతున్నట్టు.

పొగగొట్టం ఇనుప రేకుదై, వీలైనంత నిటారుగా పైకప్పు దాటి నిలవాలి. చవుకగా దొరుకుతుందని నీటి పైపును అమర్చరాదు, ప్లాస్టిక్ వేడికి కరుగుతుంది. సిమెంటు రేకుల కప్పులో రంధ్రం చేయించేటప్పుడు పొడిగా రంపంతో కోయనీయకండి. పాత రేకులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం. ఇంకొక సంగతి తరచు మరుగున పడుతుంది. తలుపులన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే, లోపలికి గాలి వచ్చే దారి లేక, అది పొగగొట్టం నుంచే గాలిని కిందికి లాగవచ్చు. పొగ వెనక్కి మళ్ళుతుంది. ఫ్యాన్ వేసినప్పుడు కింది తలుపు తెరచి ఉండి తీరాలి.

ఇన్ని జాగ్రత్తలూ మెలకువగా ఉండి వంట చేసుకొనే వేళకే. నిద్రపోయే గదిలో కణికలు ఉంచడానికి సరిపడే కిటికీ ఏదీ లేదు.

అద్దెగదిలో ఉన్నవారు ఇంటి యజమానితో మాట్లాడవలసి వస్తుంది. ఒడియాలో పొయ్యిని ‘చులి’ అనీ, పొగను ‘ధూఆఁ’ అనీ, కిటికీని ‘ఝరకా’ అనీ అంటారు. ఈ మూడు మాటలతో విషయం అర్థమవుతుంది.

తలనొప్పి, తల తిరగడం, వికారం, మగత ఈ వాయువు సోకిన లక్షణాలు. జ్వరమనో, తిన్నది పడలేదనో పొరబడడం సులభం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా ఉండి, బయటికి వెళ్ళగానే తేలికపడితే పొయ్యినే అనుమానించాలి. వెంటనే తలుపులు తెరచి అందరినీ ఆరుబయటికి తీసుకొనిపోయి 108కి ఫోన్ చేయండి. కోవిడ్ నాటి వేలి ఆక్సిమీటరును నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన నెత్తురును కూడా అది ప్రాణవాయువు నిండినట్టే చూపుతుంది. మామూలు గాలిలో ఈ వాయువు నెత్తురు నుంచి సగం తొలగడానికే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నర చాలు. అందుచేత తేలికపడినట్టు అనిపించినా ఆసుపత్రికి వెళ్ళాలి. కొరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రికి, రాయగడలో జిల్లా కేంద్ర ఆసుపత్రికి వెళ్ళవచ్చు. అక్కడ మొదటి మాటగా ‘మూసిన గదిలో నిప్పు ఉన్నది’ అని చెప్పండి. వైద్యునికి ఆ ఒక్క సమాచారమే దారి చూపుతుంది.

బూడిద విషయం కూడా చెప్పాలి. పైకి చల్లగా తోచినా దానిలో నిప్పు మరునాటి వరకు దాగి ఉండగలదు. మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి, ఇంటి బయట ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, నీళ్ళు చిలకరించిన తరువాతనే పురపాలక చెత్తబండిలో వేయాలి. పెరడు ఉన్నవారు ఆ బూడిదను ఆనపపాదుకో, బీరపాదుకో చల్లుకోవచ్చు.