జ్ఞా అను నక్షరము - ఐఫోనులు నిలిచిపోయిన సంగతి

2018 వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన తెలుగు లిపి దేశదేశముల వార్తాపత్రికలలో ప్రసిద్ధి కెక్కినది. అయితే ఆ ప్రసిద్ధి సంతోషింపదగినది కాదు. ఒక తెలుగు అక్షరము వచ్చి చేరిన చాలును, ఐఫోను పనిచేయుట మానివేయునని ఆ వార్తల సారాంశము. ఆ యక్షరము 'జ్ఞా'. జ్ఞానము, విజ్ఞానము, ఆజ్ఞాపించుట అని మనము నిత్యమును వ్రాయునదియే. 2011 వ సంవత్సరపు జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షల మంది. ఇందఱి యక్షరమును చూచి, అంత వెల పోసి కొన్న యంత్రము మూర్ఛపోవుట యేమి? వార్తల శీర్షికలను మాత్రము చదివినవారికి తప్పు మన లిపిదేయని తోచును. కావున విద్యార్థు లీ సంగతిని కొంచెము నిదానముగా పరిశీలింపవలెను.

మొదట జరిగిన కష్టమును చెప్పెదను. ఎవరైనను ఆ యక్షరమును సందేశముగా పంపినచో, దానిని చూపబోయిన కార్యక్రమము వెంటనే మూతపడెడిది. మరల తెఱచినను అదే సందేశమును మరల చూపబోయి మరల మూతపడెడిది. సందేశము తెరమీద ప్రకటనగా వచ్చినప్పుడు ముఖ్యమైన తెరను నడపు కార్యక్రమమే కూలెడిది. సందేశమును తుడిచివేయవలెనన్న దానిని తెఱవవలెను, తెఱచిన మూతపడును. ఇంటిలోపల తాళపుచెవి నుంచి తలుపు వేసికొన్నట్లున్నది! కొందఱు స్నేహితునిచే వేఱొక సందేశము పంపించుకొని, ఆ సందున పాత సంభాషణ నంతయు తుడిచివేసికొనిరి. కొంటెవారు కొందఱు ఆ యక్షరమును తమ పేరులోనే చేర్చుకొనిరి. ఆ పేరు కంటబడిన పాపమునకు పరుల ఫోనులు నిలిచిపోయినవి.

ఇక కారణము. యంత్రమునకు మనవలె అక్షరముల రూపములు తెలియవు. సంఖ్యలు మాత్రమే తెలియును. యూనికోడు అను ప్రపంచలిపుల పట్టికయందు 1991 వ సంవత్సరముననే తెలుగునకు 128 గడులు కేటాయింపబడినవి. అంతకు పూర్వమును, ఆ తరువాత చాలకాలమును, పత్రికలవారు ఇంగ్లీషు అక్షరముల స్థానములలోనే తెలుగు రూపములను గీసికొని పని జరుపుకొనుచుండిరి. ఆ అచ్చు చదువరి యంత్రమున లేనిచో, తెలుగు వార్తకు బదులు అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడెడిది. ఆ బాధ పడినవారు మన పెద్దలలో ననేకులు గలరు.

యూనికోడునందు 'జ్ఞా' యొక్క యక్షరము కాదు. జ, పొల్లు, ఞ, దీర్ఘము అను నాలుగు గుర్తులు వరుసగా నిలుచును. వానిని కలిపి వత్తుతోడి రూపముగా చిత్రించుట యంత్రము పని. చాల యంత్రములలో 'జ్ఞా' అని వ్రాసి, వెనుకకు తుడుచు మీటను ఒక్కొక్కమారే నొక్కి చూడుడు: మొదట దీర్ఘము పోవును, పిమ్మట ఞ, పిమ్మట పొల్లు, కడపట జ. ('విగ్నానము' అని వ్రాయు బాలుని చూచి ఏ యంత్రమును నిలిచిపోదు, ఉపాధ్యాయుడు మాత్రము నిలిచిపోవును.)

వార్తలకెక్కిన 'జ్ఞా'లో ఈ నాలుగును గాక యైదవది యొకటి దాగియున్నది. అది కంటికి కనబడదు. రెండు గుర్తులను కలుపవలదని యంత్రమునకు చెప్పుటయే దాని పని. 'పార్క్‌లో', 'రాజ్‌కుమార్' అని వ్రాయునప్పుడు పొల్లు తరువాత అది యుండవలెను. లేనిచో 'పార్క్లో', 'రాజ్కుమార్' అని తగని వత్తులు పడును. ఇంత యుపకారి యైన ఆ గుర్తు ఇక్కడ ఞకును దీర్ఘమునకును నడుమ జొరబడినది. అక్కడ దానికి పని లేదు. పని లేని చోట వచ్చినదానిని యంత్రము ఊరక విడిచివేసిన సరిపోయెడిది. కాని ఐఫోనులో అక్షరములను చిత్రించు కోర్‌టెక్స్ట్ అను భాగము తికమకపడి, తన జ్ఞాపకస్థానమునే చెఱుపుకొనినది. మామూలు 'జ్ఞానము' వలన నే యపాయమును లేదు. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులును ఇట్లే ఫోనులను నిలిపినవి. కావున తెలుగు అక్షరమని వ్రాసిన శీర్షికలు సగము సత్యమే చెప్పినవి. అయిదవ గుర్తు మాట శీర్షికలో నిముడదు గదా!

ఆపిల్ కంపెనీవారు ఆ నెల 19 వ తేదీన 11.2.6 అను సవరించిన సంచికను విడుదల చేసి లోపమును తీర్చిరి. అయినను, ఇది వారి యంత్రములకు మొదటి యనుభవము కాదని చెప్పక తప్పదు. 2015 వ సంవత్సరము మే నెలలో అరబ్బీ అక్షరములు గల యొక సందేశము ఐఫోనులను కూల్చినది. మరల 2020 ఏప్రిలులో, ఇటలీ జెండా బొమ్మతో కూడిన సింధీ అక్షరములు అదే పని చేసినవి.