పాత బజారు పనికి పూనుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ప్రొద్దుటూరు నుంచి మీ పెద్దనాయన ఆశీస్సులు. నీ జాబు అందింది. కడపలో ఆర్కిటెక్చర్ చదువుతున్న మీ స్నేహితులంతా కలిసి జమ్మలమడుగు పాత బజారును బాగుచేయాలని పూనుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. గోడలకు రంగులు వేయిస్తామనీ, బజారు మొగదల స్వాగత తోరణం కట్టిస్తామనీ, గండికోట చూడటానికి పోయే వాళ్లను అక్కడ ఆపుతామనీ రాశావు. ఇట్లాంటి పనులు ఎట్లా మొదలుపెట్టాలో చెప్పమన్నావు. మీ ఉత్సాహం మీద నాకు నమ్మకముంది. అందుకే మొదటే చెబుతున్నాను, తోరణం సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి.

బజారు ఎందుకు నీరసించిందో తెలియకుండా మందు వేయలేం. మన ఊళ్లలో అది ఒక్క కారణంతో జరగలేదు. సందుల్లోకి లారీలు రాలేక హోల్‌సేల్ వ్యాపారం వెడల్పు రోడ్లకు వెళ్లింది. అంగడి పైన కాపురముండే కుటుంబాలు కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నాయి. యజమాని పోయాక ఆస్తి అయిదారుగురు వారసులకు వచ్చింది. ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో, ఒకరు అమెరికాలో. ఎవరి సంతకం లేకున్నా అమ్మకం జరగదు, బాడుగకు ఇవ్వడం కుదరదు. తాళం పడింది. తాళం పడిన మిద్దె మీద చౌడు ఎవరు పోస్తారు? రెండు వానాకాలాలు గడిచేసరికి నీళ్లు దంతెల్లోకి దిగుతాయి, కొయ్య పుచ్చుతుంది, ఒక రాత్రి కప్పు కూలుతుంది. పక్క అంగడివాడు భయపడి తనూ ఖాళీ చేస్తాడు. నువ్వు చూసిన పెచ్చులూడిన గోడ ఈ కథలో చివరి పేజీ. దానికి రంగు వేస్తే మొదటి పేజీ మారదు.

ప్రొద్దుటూరు సంగతి చూడు. రెండో బొంబాయి అని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. 2011 జనాభా లెక్కల్లో లక్షా అరవై వేలు దాటిన ఊరు. ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్ల, నంద్యాల మధ్య రైలు మార్గం పూర్తయింది 2016లో. అందాకా ప్రొద్దుటూరు రావలసినవాళ్లు ఎర్రగుంట్లలో దిగి బస్సెక్కేవాళ్లు. అయినా రాయలసీమ నలుమూలల నుంచి పెళ్లి బంగారానికి జనం ఇక్కడికే వచ్చారు, ఇప్పటికీ వస్తున్నారు. అద్దాల షోకేసులు చూసి వాళ్లు రాలేదు. అంగడి వెనక సందులో నగ చేసే స్వర్ణకారుడున్నాడు, రాళ్లు పొదిగేవాడున్నాడు, మెరుగు పెట్టేవాడున్నాడు. నాలుగడుగుల దూరంలో పట్టుచీరల అంగడి ఉంది. తాత కొన్నచోటే మనవడు కొంటాడు. ఈ అల్లిక చెదరలేదు కాబట్టి బజారు నిలబడింది. జమ్మలమడుగులో అట్లాంటి అల్లిక ఏది మిగిలిందో, ఏది తెగిందో మీరు ముందుగా కనిపెట్టాలి. పక్కనున్న మోరగుడి మగ్గాల మీద నేసిన బట్ట జమ్మలమడుగు బజారులో ఎన్ని అంగళ్లలో దొరుకుతుందో అడిగి చూడండి. అక్కడినుంచే మీ పని మొదలవుతుంది.

దసరాకు ప్రొద్దుటూరులో మన అమ్మవారిశాల నువ్వు చూశావు. వాసవీ కన్యకాపరమేశ్వరి ఉత్సవాలను ఆర్యవైశ్య సభ నడుపుతుంది. శివాలయం, చెన్నకేశవస్వామి గుడి, చౌడేశ్వరి గుడి కూడా వేటి పద్ధతిలో అవి ఉత్సవం చేస్తాయి. విజయదశమి రాత్రి తొట్టి మెరవణి అనే ఊరేగింపుకు ఎక్కడెక్కడి కళాకారులో వస్తారు, తెల్లవార్లూ ఊరు ఊరంతా పాత వీధుల్లోనే ఉంటుంది. వెనక ఎంత పని ఉందో ఆలోచించు. చందాలు వసూలు చేసేవాళ్లు, కరెంటు వాళ్లతో మాట్లాడేవాళ్లు, పోలీసు అనుమతికి తిరిగేవాళ్లు, తెల్లారి చెత్త ఎత్తించేవాళ్లు. ఎవరికీ జీతం లేదు. పట్టణ పునరుద్ధరణకు నాయకులు కావాలని మీరు వెతుకుతున్నారే, వాళ్లు ఇప్పటికే ఉన్నారు. పది రోజులకు కాక ఏడాది పొడుగునా వాళ్లను ఒకచోట కూర్చోబెట్టడమే మిగిలిన పని. జమ్మలమడుగులో నారాపుర వెంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలు నడిపే పెద్దలున్నారు, మసీదు కమిటీ ఉంది, క్యాంబెల్ ఆసుపత్రి చుట్టూ పెరిగిన క్రైస్తవ సమాజముంది, చేనేత సంఘాలున్నాయి. కొత్త పండగ ఒకటి కనిపెట్టకండి. ఉన్న పండగకు వచ్చిన జనం మరుసటి వారం కూడా ఎందుకు రావాలో ఆలోచించండి.

ఇక నాయకత్వం గురించి. మన జిల్లాలోనే ఒక మనిషిని చూపిస్తాను. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు. ఇంగ్లీషు బోధించిన అధ్యాపకుడు, కడప జిల్లా రచయితల సంఘం కార్యదర్శి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, తర్వాత ఎర్రముక్కపల్లెలో బంగళా కొని, అందులో పండితులను పెట్టుకొని తెలుగు కావ్యాల ప్రతులు రాయించాడని నీకు తెలుసు. ఆ బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలాయి. శాస్త్రి గారికి డబ్బు లేదు, పదవి లేదు. అక్కడ బ్రౌన్ పేరిట గ్రంథాలయం రావాలన్న పట్టుదల ఒక్కటే ఉంది. ట్రస్టు ఏర్పడింది, 1987లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన చందా పుస్తకం పట్టుకొని తిరిగారు. చిన్న మొత్తాన్ని కూడా చిన్నచూపు చూడలేదు. పుస్తకాలు అడిగారు, తాళపత్రాలు అడిగారు, అధికారులను అడిగారు, అడిగిన వాళ్లనే మళ్లీ అడిగారు. 2006లో ఆ సంస్థను యోగి వేమన విశ్వవిద్యాలయం తీసుకుంది, ఈరోజు అది భాషా పరిశోధన కేంద్రం. జనం ఆయన్ను బ్రౌన్ శాస్త్రి అని పిలుచుకున్నారు.

ఆయన జీవితం నుంచి నేను నేర్చుకున్నది ఇది, అమ్మాయీ. జీతం తీసుకోని నాయకుడి పనిలో ముక్కాలు వంతు అడగడమే. ఉత్తర్వు వేసే అధికారం మనకు లేదు, ఆపగలిగే బలమూ లేదు. అడగాలి, కాదంటే బాధపడకుండా మళ్లీ వెళ్లాలి. అట్లా మళ్లీ మళ్లీ అడగనివ్వాలంటే ఎదుటివాడికి మనమీద నమ్మకముండాలి. నమ్మకం లెక్కతో వస్తుంది. వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి రాసి, నెలనెలా బజారులో అందరూ చదివే చోట అతికించండి. ఒక కాలవ మీద బండ వేయించడానికి పదిమంది దగ్గర చందా తీసుకుంటే, ఆ బండ వేసి, మిగిలినది ఎంతో చెప్పాకే రెండో పని మాట ఎత్తండి.

ఇట్లాంటి పని అమెరికాలోనూ జరిగింది. 1977లో అక్కడి చారిత్రక సంరక్షణ జాతీయ ట్రస్టు గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్‌స్ప్రింగ్స్ అనే మూడు చిన్న ఊళ్లలో ఒక ప్రయత్నం చేసింది. పెద్ద మాల్స్ వచ్చి ఊరి నడుమ అంగళ్లు మూతపడుతున్న కాలమది. మెయిన్ స్ట్రీట్ పద్ధతి అని దానికి పేరు వచ్చింది. సంఘం కట్టుకోవడం, జనాన్ని రప్పించడం, కట్టడాల రూపం కాపాడటం, వ్యాపారం నిలబెట్టడం, ఈ నాలుగూ కలిసి సాగాలన్నారు. అందులో నాకు నచ్చింది ఇంకొకటి. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఎంతమంది ఉన్నా, రోజూ బజారులో తిరిగి పనులు వెంటాడేందుకు జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నారు. మీరంతా పరీక్షలు వస్తే కడపకు పోతారు. అప్పుడు కాలవ మూసుకుపోయిందని అంగడివాడు ఎవరికి చెప్పాలి? పూట పనికైనా ఒక స్థానికుణ్ణి పెట్టుకోండి. నా మటుకు నేను తోరణం ఖర్చుతో ఆ మనిషికి ఏడాది జీతమిస్తాను.

ఇప్పుడు మీ మొదటి పని. నోటుపుస్తకం తీసుకొని బజారు ఆ చివర నుంచి ఈ చివర దాకా నడవండి. ఏ అంగడిలో ఏ వ్యాపారం, సొంతమా బాడుగా, పైన కాపురముందా, ఎన్ని తాళాలు, మరుగుదొడ్డి ఎక్కడ, నీళ్లెక్కడ, రాత్రి దీపం వెలిగేది ఎక్కడ. తోపుడు బండ్లనూ, కింద గంపలు పెట్టుకొని కూర్చునే ఆడవాళ్లనూ తప్పకుండా రాయండి. బజారు అందంగా ఉండాలనే పేరుతో ముందు వాళ్లనే లేపేస్తారు. మీ చేతుల మీదుగా ఆ పని జరగకూడదు. వాళ్లుంటేనే పల్లెల జనం బజారులోకి వస్తారు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే ముగిసి పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని అందులో ఉంది. ఆ చట్టం ప్రకారం ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. స్వచ్ఛంద సంస్థలకూ స్థానిక సంఘాలకూ కలిపి కనీసం 10 శాతం చోటుంది. మీకు కమిషనర్ పక్కన కూర్చొని మాట్లాడే కుర్చీ కావాలంటే, ఇదిగో, చట్టమే వేసిపెట్టింది.

సంఘం రిజిస్ట్రేషన్‌కు తొందరపడకండి. 2001 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం ఏడుగురుంటే సొసైటీ అవుతుంది. ఆ ఏడుగురిలో మీ స్నేహితులు ఇద్దరికి మించకూడదు. మిగతావాళ్లు బజారులో కూర్చునేవాళ్లు కావాలి, కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. ఏ పార్టీ జెండా మోసేవాళ్లయినా సభ్యులుగా రావచ్చు, కానీ అధ్యక్షుడి కుర్చీలో మాత్రం వద్దు. మన ఊళ్లలో ప్రభుత్వం మారితే పనులు ఆగిపోవడం నువ్వు చూస్తూనే ఉన్నావు. సంఘం మాత్రం ఆగకూడదు.

మిద్దెల విషయంలో నీ చదువు నిజంగా పనికొస్తుంది. పాత గోడ సున్నంతో కట్టింది. దానికి ఊపిరి ఉంటుంది, పీల్చిన తేమను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకొని గోడను తినేస్తుంది. ఈ సంగతి తెలియక బాగుచేస్తున్నామనుకుంటూ పాడుచేసే ఇళ్లే ఎక్కువ. గానుగ సున్నం పట్టే మేస్త్రీలు, గవాచికి గాజుపలక బిగించడం తెలిసినవాళ్లు, కడప బండ పరచడంలో చేయి తిరిగినవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, అందరూ పెద్దవయసువాళ్లే. వాళ్లను పిలిచి ఒక్క ఇల్లు, ఇల్లు కాకుంటే ఒక్క అరుగు, సరిగా చేయించి చూపండి. పుదుచ్చేరిలో వైశ్యాళ్ వీధి ఇళ్ల ముఖాలను ఇంటాక్ సంస్థ ఇంటివాళ్లతో కలిసి అట్లానే బాగుచేయించింది. 2008లో యునెస్కో పురస్కారం వచ్చింది. ఒక ఇల్లు బాగుపడితే పక్క ఇంటివాడు తానే వచ్చి అడుగుతాడు.

రోడ్డు వెడల్పు చేసే ప్లాను ఉందేమో ముందే తెలుసుకో. అరుగులన్నీ పోయే గీత కాగితం మీద ఎప్పుడో పడి ఉండవచ్చు. అభ్యంతరాలకు గడువిస్తారు, ఆ గడువులో రాతపూర్వకంగా ఇచ్చిన మాటకే విలువ.

గండికోటకు వచ్చే జనం గురించి రాశావు. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి 77 కోట్ల పైచిలుకు మంజూరు చేసింది, రాకపోకలు పెరుగుతాయి. కోటకూ జమ్మలమడుగుకూ పదిహేను కిలోమీటర్లే. కానీ కారులో వచ్చిన కుటుంబం బజారులో ఎందుకు దిగాలి? మొదట శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి, ముఖ్యంగా ఆడవాళ్లకు. తర్వాత కారు నిలిపే చోటు. ఆ తర్వాతే ఉగ్గాని బజ్జీ, రాగిసంగటి, మోరగుడి చీర, దానవులపాడు జైన శిల్పాల కథ. ఈ వరస తలకిందులు చేయకండి.

కథలు చెప్పే నడక మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, దానికి డబ్బు అక్కరలేదు. అహ్మదాబాదులో 1997లో పాత నగరంలో పొద్దున్నే నడక మొదలైంది, 2017లో ఆ నగరం ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరింది. మన ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరస్వామి గుడి దగ్గర మొదలుపెట్టు. అక్కడ ప్రదక్షిణలు చేస్తూ పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవం రాశారని ఊరంతా చెప్పుకుంటుంది. గడియారం వేంకటశేష శాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని తిరిగిన వీధులివి. ఒకరు శివాజీ మీద, ఒకరు రాణాప్రతాపుడి మీద ఈ ఊళ్లోనే మహాకావ్యాలు రాశారు. బడిపిల్లల్ని నడిపించండి. ఆ పిల్లలు ఇంటికి పోయి చెబితే పెద్దలు మరుసటి ఆదివారం వస్తారు.

పులివెందుల స్నేహితురాలు కూడా చేరతానన్నదని రాశావు. ఆమె పని వేరు. అక్కడ పార్కులకూ రోడ్లకూ బస్టాండుకూ ప్రభుత్వం నిధులు బాగానే పెట్టింది. కట్టినవాటిని వాడటం, కాపాడటం ఊరివాళ్ల వంతు. రంగనాథస్వామి గుడి చుట్టూ ఉన్న పాత వీధుల్లో ఏ ఇంట్లో ఎవరున్నారో ఆమెను రాసుకోమను. మీ జమ్మలమడుగు పట్టికతో కలిపి చూస్తే నాకు చాలా విషయాలు తెలుస్తాయి.

వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ పెట్టేముందు దాన్ని నాకు పంపు, భాష దిద్ది ఇస్తాను. ఒకే ఒక్క కోరిక అడగండి. ఆడవాళ్ల మరుగుదొడ్డి అయితే మేలు. అర్జీ కింద సంతకాలు మీవి వద్దు. గంపల ముందు కూర్చునే ఆడవాళ్లవి పెట్టించు, వేలిముద్రలయినా సరే. రసీదు తీసుకొని జాగ్రత్త పెట్టు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన