ఒక ట్రాన్స్‌ఫార్మరు, రెండు వోల్టేజీలు

గ్రామములో ప్రకటనలు వినిపించుటకు వాడు యాంప్లిఫయరులలో పెక్కు 12 వోల్టులతో పనిచేయును. నీటి గొట్టమును తెరచి మూయు విద్యుత్ వాల్వులలో కొన్నిటికి 24 వోల్టులు కావలెను. రెంటికిని వేరువేరు విద్యుత్ పెట్టెలు కొనుటకు మారుగా, ఒకే పెట్టెకు స్విచ్చి అమర్చి రెండు వోల్టేజీలను పొందవచ్చును. ఇందు పొదుపు కలదు, ప్రమాదమును కలదు. 12 వోల్టుల యాంప్లిఫయరుకు 24 వోల్టులు అందినచో అది క్షణములో చెడిపోవచ్చును. తుపాను హెచ్చరిక చెప్పవలసిన రాత్రి అది మూగవోయినచో కలుగు నష్టము దాని వెలతో కొలువదగినది కాదు. కావున ఈ పెట్టె పనిచేయు తీరును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మేలు.

మూడు తీగల సంగతి

మన ఊళ్లకు వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. ట్రాన్స్‌ఫార్మరు దీనిని తగ్గించును. అంగడిలో “9-0-9” అని అమ్ము ట్రాన్స్‌ఫార్మరు రెండవ చుట్టనుండి మూడు తీగలు వెలువడును: రెండు కొనలనుండి రెండు, సరిగా నడుమనుండి ఒకటి. నడిమి తీగకును ఏ కొనకైనను మధ్య 9 వోల్టులు, రెండు కొనల మధ్య 18 వోల్టులు ఉండును. దిగుడుబావిలో నడిమి మెట్టు వరకు దిగినవాడు సగము లోతు, అడుగు మెట్టు వరకు దిగినవాడు పూర్తి లోతు దిగినట్లే ఇదియును.

9 నుండి 12 ఎట్లు వచ్చునని సందేహము కలుగవచ్చును. ఏకాంతర విద్యుత్తు అలవలె లేచి పడుచుండును. 9 వోల్టులని చెప్పు అలయొక్క శిఖరము దానికి 1.414 రెట్లు, అనగా 12.7 వోల్టులు. డయోడు విద్యుత్తును ఒకే దిశకు పోనిచ్చును. ఆ దారిలో సుమారు 0.7 వోల్టు పోవును. కెపాసిటరు శిఖరము వరకు నిండి, మనకు 12 వోల్టులు మిగులును. ఇట్లే 18 వోల్టుల శిఖరము 25.4, అచ్చట విద్యుత్తు రెండు డయోడులను దాటవలెను గనుక 1.4 పోగా 24 మిగులును.

స్విచ్చి చేయు పని

రెండు కొనల తీగలను నాలుగు డయోడుల వంతెనకు కలుపుదురు. వంతెనయొక్క ఋణ కొనయే ఎల్లప్పుడును పరికరమునకు ఋణ తీగ. స్విచ్చి మార్చునది ధన తీగను మాత్రమే. దానిని వంతెనయొక్క ధన కొనకు కలిపినచో 24 వోల్టులు, ట్రాన్స్‌ఫార్మరు నడిమి తీగకు కలిపినచో 12 వోల్టులు వచ్చును. ఈ రెండవ స్థితిలో నాలుగింట రెండు డయోడులే వంతులవారీగా పనిచేయును.

వోల్టులు రెట్టింపైనంత మాత్రమున శక్తి రెట్టింపు కాదు. చుట్ట 2 ఆంపియరులదైనచో, 12 వోల్టుల వద్ద సుమారు 2 ఆంపియరులు, 24 వోల్టుల వద్ద సుమారు 1.2 ఆంపియరులు మాత్రమే తీసికొనవలెను. అంతకు మించినచో ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కి చెడును.

నాలుగు జాగ్రత్తలు

మొదటిది: స్విచ్చి ఒక కొనను పూర్తిగా విడిచిన పిమ్మటనే రెండవ కొనను తాకవలెను. ఒక్కసారి రెంటిని తాకినచో చుట్టలో సగము డయోడుల ద్వారా షార్టగును.

రెండవది: స్విచ్చి తరువాత ఉండు కెపాసిటరు, కరెంటు తీసినను కొంతసేపు 24 వోల్టులను నిలుపుకొనును. దానికి అడ్డముగా 1000 ఓముల, 2 వాట్ల నిరోధకమును ఉంచవలెను. కెపాసిటరు 4700 మైక్రోఫారడ్లదైనచో అది ఖాళీ యగుటకు సుమారు 25 సెకనులు పట్టును. కావున పెట్టెకు కరెంటు ఆపి, పరికరమును విడదీసి, అర నిమిషము ఆగి, అటుపై స్విచ్చి మార్చవలెను. మరల కరెంటు ఇచ్చి మీటరుతో వోల్టులు చూచిన పిదపనే పరికరమును తగిలింపవలెను.

మూడవది: ప్రతి భాగమును పెద్ద వోల్టేజీకి తగినదై యుండవలెను. కెపాసిటరు 50 వోల్టులదిగను, డయోడులు 100 వోల్టులకు, 3 ఆంపియరులకు తక్కువ కానివిగను ఎంచుకొనుట క్షేమము.

నాల్గవది: రెండు డయోడుల మామూలు పెట్టెలలో నడిమి తీగనే ఋణ తీగగా వాడుట పరిపాటి. ఆ అలవాటుచొప్పున ఇచ్చట నడిమి తీగను ఋణ కొనకు కలిపినచో చుట్టలో సగము షార్టగును. పనివానికి ఈ సంగతి ముందే చెప్పవలెను.

పంచాయతీ చేయవలసినది

పెట్టెలో 230 వోల్టుల భాగము ప్రాణాపాయకరము. దానిని లైసెన్సు గల ఎలక్ట్రీషియను తప్ప ఎవరును తెరువరాదు. లోపలికి వచ్చు తీగకును బయటికి పోవు తీగకును ఫ్యూజులు, ఇనుప పెట్టెకు ఎర్తు తీగ ఉండవలెను. స్విచ్చి పక్కన “12”, “24” అని పెద్ద అక్షరములతో వ్రాయించి, దానిపై మూత బిగించి, తాళపుచెవిని ఒకరికే అప్పగింపవలెను. ఏ పరికరమునకు ఎన్ని వోల్టులో స్టాకు రిజిస్టరులో నమోదు చేయవలెను.

క్రొత్తగా కొనదలచిన పంచాయతీలకు మా సలహా వేరు. నేడు ఒక్కొక్క వోల్టేజీకి ప్రత్యేకమైన తేలికపాటి పెట్టెలు దొరకుచున్నవి. పలువురి చేతులు పడు చోట వేరువేరు రూపముల ప్లగ్గులు గల రెండు పెట్టెలే క్షేమము. ఉన్న పెట్టెనే వాడుకొను వారు మాత్రము ఒక్క నియమమును మరువరాదు: కరెంటు నడుచుచుండగా స్విచ్చిపై చేయి వేయరాదు.