పనికో కటకం

పాఠ్యభాగ ఉద్దేశం

మానవుడు నిర్మించుకొన్న ఉపకరణాలలో కళ్ళజోడు మిక్కిలి చిన్నది. అయినా వయసు మళ్ళిన తరువాత కూడా చదువును, వృత్తిని, జీవనోపాధిని నిలుపుకొనే అవకాశాన్ని మనిషికి ఇచ్చింది అదే. కంటి పనితీరును, ఒకే కటకానికి ఉండే పరిమితిని, పనికి తగినట్లు కటకాలు మార్చుకొనే కళ్ళజోళ్ళ ప్రయోజనాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

ముక్కుమీద నిలిచి చూపును సరిదిద్దే పరికరాన్ని మనం వాడుకలో కళ్ళజోడు అంటాం, కళ్ళద్దాలు అంటాం. గ్రాంథికంగా సులోచనాలనీ, ఉపనేత్రాలనీ అంటాం. ‘సులోచనం’ అంటే మంచి కన్ను. ‘ఉపనేత్రం’ అంటే కంటికి తోడుగా నిలిచే మరో కన్ను. ఈ రెండవ పేరు ఆలోచింపదగినది. అద్దం కంటికి నిజంగా తోడు కావాలంటే కన్ను చేసే పనులన్నింటికీ అది అక్కరకు రావాలి. మరి కన్ను చేసే పనులు ఎన్ని! అది పుస్తకంలోని అక్షరాన్ని చూస్తుంది. నల్లబల్లమీది రాతను చూస్తుంది. వీధి చివర వచ్చే బస్సు పేరును చూస్తుంది. మండుటెండలో పొలం గట్టును, సూర్యాస్తమయం తరువాత మసక వెలుతురులో గడపను చూస్తుంది. ఇన్ని పనులకు ఒకే అద్దం సరిపోతుందా?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందుగా కన్ను ఎలా చూస్తుందో తెలియాలి. కనుపాప వెనుక మెత్తని, పారదర్శకమైన కటకం ఒకటి ఉంది. దానిని చుట్టి ఉన్న సిలియరీ కండరాలు సడలినప్పుడు కటకం పలుచబడి దూరదృశ్యం స్పష్టమవుతుంది. అవి బిగిసినప్పుడు కటకం ఉబ్బి దగ్గరి వస్తువు స్పష్టమవుతుంది. దీనినే కంటి సర్దుబాటు అంటారు. అంటే ప్రకృతి మనకు ఒకే కటకాన్ని ఇచ్చినా, క్షణక్షణం ఆకారం మార్చుకొనే శక్తిని కూడా దానికి ఇచ్చింది. పుస్తకం నుండి తలయెత్తి కిటికీలోనుంచి దూరపు కొండను చూసిన ప్రతిసారీ మన ప్రమేయం లేకుండానే ఈ మార్పు జరిగిపోతుంది.

కటక శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు. ఒక మీటరు నాభ్యంతరం గల కటకం శక్తి ఒక డయాప్టరు. నాభ్యంతరం తగ్గినకొద్దీ శక్తి పెరుగుతుంది. ఈ ప్రమాణాన్ని 1872లో ఫ్రెంచి నేత్రవైద్యుడు ఫెర్డినాండ్ మోనోయే ప్రతిపాదించాడు. పదేళ్ళ పిల్లల కంటికి ఉండే సర్దుబాటు శక్తి సుమారు 14 డయాప్టర్లు. నలభైయైదేళ్ళు వచ్చేసరికి అది 4 డయాప్టర్లకు అటూఇటూగా తగ్గుతుంది. అరవైయేళ్ళకు దాదాపు 1 డయాప్టరు మాత్రమే మిగులుతుంది. నలభై సెంటీమీటర్ల దూరంలో ఉన్న పుస్తకాన్ని చదవడానికి రెండున్నర డయాప్టర్లు కావాలి. ఉన్న శక్తి అంతా ఖర్చు చేస్తే తప్ప అక్షరం కనబడని స్థితిలో కన్ను అలసిపోతుంది. అందుకే పెద్దవారు పత్రికను చేయిచాచి దూరంగా పట్టుకొంటారు.

ఈ స్థితికి తెలుగువారు పెట్టిన పేరు చత్వారం. సంస్కృతంలో ‘చత్వారింశత్’ అంటే నలభై. నలభైయేళ్ళ ప్రాయంలో వచ్చేది కనుక చత్వారం అయింది. కన్నడిగులు దీనినే చాళీసు అంటారు. అది కూడా నలభై అనే అర్థం గల మాటనుండి వచ్చినదే. ఇది అరుదైన వ్యాధి కాదనీ, వయసుతోపాటు అందరికీ వచ్చే మార్పనీ ఈ పేర్లే చెబుతున్నాయి.

కళ్ళజోడు పుట్టుకకు కూడా ఈ చత్వారమే కారణం. 13వ శతాబ్ది చివర ఇటలీలో తొలి కళ్ళజోళ్ళు తయారయ్యాయి. పీసా నగరానికి చెందిన జొర్దానో అనే మతగురువు 1306లో ఫ్లారెన్సులో ప్రసంగిస్తూ, ఈ కళ పుట్టి ఇంకా ఇరవై ఏళ్ళు కూడా నిండలేదని పేర్కొన్నాడు. ఆ తొలి అద్దాలన్నీ కుంభాకార కటకాలే. అంటే దగ్గరి చూపుకు ఉపయోగపడేవే. దూరపు చూపు మందగించినవారికి కావలసిన పుటాకార కటకాలు 15వ శతాబ్దిలో గాని వాడుకలోకి రాలేదు.

రెండు రకాల కటకాలు లభించిన తరువాత కొత్త చిక్కు ఎదురయింది. దూరానికీ దగ్గరికీ వేర్వేరు అద్దాలు కావలసినవారు రెండు జోళ్ళు వెంట ఉంచుకొని మాటిమాటికీ మార్చుకోవలసి వచ్చింది. అమెరికా రాజనీతిజ్ఞుడు, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు ఈ ఇబ్బంది బాగా తెలుసు. 1785 మే నెలలో, తన డెబ్బైతొమ్మిదవ ఏట, ఒక మిత్రునికి రాసిన లేఖలో తన ఉపాయాన్ని వివరించాడు. రెండు కటకాలను సగానికి కోయించి, దూరపు చూపు ముక్కను పైన, దగ్గరి చూపు ముక్కను కింద ఒకే చట్రంలో అమర్చుకొన్నాడు. ఫ్రాన్సులో విందుకు కూర్చున్నప్పుడు విస్తరిలోని పదార్థమూ కనిపించేది, ఎదుట మాట్లాడేవారి ముఖమూ కనిపించేది. పరాయి భాష చెవికి పూర్తిగా పట్టుబడనప్పుడు ముఖకవళికలు చూస్తే మాట తేలికగా అర్థమవుతుందని ఆయన గ్రహించాడు. చూపు వినికిడికి కూడా సాయపడుతుందన్నమాట!

1959లో ఫ్రాన్సులో బెర్నార్ మెతనాజ్ రూపొందించిన కటకం మరొక ముందడుగు. దానిలో పైనుండి కిందికి శక్తి క్రమక్రమంగా పెరుగుతుంది. నడుమ గీత కనిపించదు. నేడు ఎందరో వాడుతున్న ప్రోగ్రెసివ్ కటకాలకు మూలం అదే. ఇక సమస్య తీరిపోయిందని అనిపించవచ్చు. కాని ఒకే అద్దంలో అన్నింటినీ ఇమిడ్చినప్పుడు ప్రతిదానికీ కొంత చోటే దక్కుతుంది. అటువంటి కటకంలో పక్కలకు చూస్తే దృశ్యం వంకరపోతుంది. కింది భాగం దగ్గరి చూపుకు కేటాయించినది కనుక మెట్లు దిగేటప్పుడు కాలికింది మెట్టు మసకబారుతుంది. తలపైన ఉన్న తీగను కలిపే విద్యుత్ పనివానికి దగ్గరి చూపు కావలసింది పైభాగంలో. అతని అద్దంలో అది ఉన్నది కింద!

ఈ విషయమై ఆస్ట్రేలియాలో 606 మంది వృద్ధులతో జరిపిన అధ్యయనం 2010లో ప్రచురితమైంది. బహుళశక్తి కటకాలు వాడేవారిలో కొందరికి, బయట తిరిగేటప్పుడు ధరించడానికి దూరపు చూపు మాత్రమే గల అద్దాలు అదనంగా ఇచ్చారు. తరచుగా బయట తిరిగేవారు కిందపడడం సుమారు 40 శాతం తగ్గింది. అయితే ఇంటిపట్టున ఎక్కువగా ఉండేవారికి అదే అద్దం మేలు చేయలేదు. పైగా వారు బయట పడిపోవడం పెరిగింది. మనిషి చేసే పనిని బట్టి కటకాన్ని ఎంచుకోవాలని ఈ ఫలితం తెలుపుతున్నది.

ఒక చట్రం, పలు కటకాలు అనే ఆలోచనకు బలం ఇక్కడే ఉంది. నిజానికి అటువంటి కళ్ళజోడును కంటి పరీక్షకు వెళ్ళిన ప్రతివారూ ఒకసారి ధరించినవారే. పరీక్షించేవారు మన ముక్కుమీద బరువైన గుండ్రని చట్రం నిలిపి, పెట్టెలోనుంచి ఒక్కొక్క కటకం తీసి అందులో జారవిడుస్తూ ‘ఇది బాగుందా, అది బాగుందా’ అని అడుగుతారు. పావు డయాప్టరు తేడాతో వరుసగా అమర్చిన కటకాలు ఆ పెట్టెలో ఉంటాయి. పరీక్షగదిలోని ఈ సౌలభ్యాన్నే క్రీడాకారుల కోసం, ఆరుబయట పనిచేసేవారి కోసం చట్రాల తయారీదారులు బయటకు తెచ్చారు.

వీటి నిర్మాణం సులభమైనదే. చట్రం అంచులో సన్నని గాడి ఉంటుంది. పాలికార్బనేట్ అనే తేలికైన, సులభంగా పగలని పదార్థంతో చేసిన కటకాన్ని కొద్దిగా వంచి ఆ గాడిలో బిగిస్తారు. కొన్నింటిలో చిన్న అయస్కాంతాలు కటకాన్ని పట్టి ఉంచుతాయి. మండుటెండకు బూడిదరంగు కటకం మంచిది. అది రంగులను పెద్దగా మార్చకుండా వెలుతురును తగ్గిస్తుంది. పసుపు, గోధుమ వన్నెల కటకాలు మబ్బు పట్టిన వేళ వస్తువుల వెలుగునీడల తేడాను ఎక్కువ చేసి చూపుతాయి. నీటిమీదినుంచి, తారురోడ్డుమీదినుంచి వచ్చే జిగేలును ధ్రువణ కటకం అడ్డుకొంటుంది. అయితే అదే కటకంతో కొన్ని సెల్‌ఫోన్ తెరలను చూస్తే నల్లగా కనిపిస్తాయి. చీకటి పడితే రంగులేని కటకమే శరణ్యం. రాత్రివేళ వాహనం నడపడానికి పసుపు అద్దాలు మేలన్న ప్రచారానికి పరిశోధనల మద్దతు లభించలేదు. అతినీలలోహిత కిరణాలను ఆపలేని చౌకరకం నల్ల అద్దాలు మరింత అపాయం. నలుపు వెనుక కనుపాప విచ్చుకొంటుంది. ఆ కిరణాలు లోపలికి సులువుగా చేరుతాయి.

మార్చుకొనే కటకాలకు పరిమితులు కూడా ఉన్నాయి. కటకం కేంద్రం సరిగా కనుపాపకు ఎదురుగా నిలవాలి. రెండు కనుపాపల మధ్య దూరం అందరికీ ఒకటి కాదు. ఆ కొలత తప్పితే తలనొప్పి, కళ్ళ అలసట కలుగుతాయి. అసమదృష్టి ఉన్నవారి కటకానికి శక్తితోపాటు దిశ కూడా ఉంటుంది. గుండ్రని చట్రంలో అటువంటి కటకం కొద్దిగా తిరిగినా దృశ్యం చెదురుతుంది. అందుకే నేత్రపరీక్ష లేకుండా ఎవరికి వారు కటకాలు ఎంచుకోవడం తగదు.

ఇంతవరకు చెప్పినది సౌకర్యం గురించి. దీనికి మరొక ముఖం కూడా ఉంది. చత్వారానికి తగిన అద్దాలు అందక దగ్గరి చూపు లోపంతో ఉన్నవారు ప్రపంచంలో 82.6 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక తెలిపింది. పలు కటకాల మాట అటుంచి, వారికి ఒక్క కటకమే కరవు. జర్మనీలో గణిత, భౌతిక శాస్త్రాల ఉపాధ్యాయుడు మార్టిన్ ఆఫ్‌మూట్ ఈ కొరత తీర్చడానికి పూనుకొని 2012లో ఒక స్వచ్ఛంద సంస్థను స్థాపించాడు. విద్యుత్తు అక్కరలేని చిన్న చేతియంత్రంమీద స్ప్రింగు ఉక్కు తీగను వంచితే చట్రం సిద్ధమవుతుంది. ఆ యంత్రం అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు గల పెట్టెలో ఇమిడిపోతుంది. ముందే తయారుచేసి ఉంచిన కటకాలను చేతితోనే చట్రంలోకి నొక్కి అమర్చుతారు. అమర్చినట్లే తీసి మరొకటి అమర్చవచ్చు. ముడిసరుకుకు అయ్యే ఖర్చు సుమారు ఒక అమెరికన్ డాలరు. సంపన్నుల క్రీడాపరికరంలోని సూత్రమే ఇక్కడ పేదవాని ముంగిటికి చేరింది.

దానివల్ల కలిగే మేలును కొలిచి చూపిన అధ్యయనం మన దేశంలోనే జరిగింది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కార్మికులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి దగ్గరి చూపు అద్దాలు ముందుగా ఇచ్చారు. అద్దాలు పొందినవారు కోసే ఆకు, పొందనివారితో పోలిస్తే సుమారు 22 శాతం పెరిగినట్లు 2018లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. చేతి నేర్పు తగ్గలేదు; లేత చిగురు కనబడక చేయి తడబడింది. అద్దం ఆ తడబాటును తొలగించింది.

మన మగ్గాల వద్ద, కుట్టుమిషన్ల వద్ద, బియ్యంలో రాళ్ళు ఏరే చేటల వద్ద కూడా కథ ఇదే. తెగిన పోగును అతికే నేతగాడు, సూదిలో దారం ఎక్కించే దర్జీ నలభై దాటాక తమ విద్య తగ్గిపోయిందని నిరాశపడతారు. తగ్గింది విద్య కాదు, రెండు డయాప్టర్లు! తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ప్రారంభించిన ‘కంటి వెలుగు’ కార్యక్రమంలో ఊళ్ళోనే నేత్రపరీక్షలు జరిపి, దగ్గరి చూపు అద్దాలు ఉచితంగా అందించడం వెనుక ఉన్న సత్యం ఇదే.

కళ్ళజోడు ధరించడం వయసును చాటుతుందనీ, పెళ్ళిసంబంధాలకు అడ్డవుతుందనీ వెనుకాడేవారు నేటికీ ఉన్నారు. వేళకు తగిన వస్త్రం, పనికి తగిన పనిముట్టు ఎంచుకోవడం లోకసహజం. కంటికి మాత్రం ఆ న్యాయం ఎందుకు వర్తించకూడదు? ఇంట్లో పెద్దవారు పత్రికను చేయిచాచి పట్టుకొన్నా, సూదీదారం మన చేతికిచ్చినా, తరగతిలో వెనుక బల్లపై కూర్చున్న మిత్రుడు పక్కవాని పుస్తకంలో చూసి రాసుకొంటున్నా వారిని నేత్రపరీక్షకు తీసుకువెళ్ళడం చదువుకొన్నవారి కనీస ధర్మం.

కఠిన పదాలు – అర్థాలు

అక్కరకు రావడం = అవసరానికి ఉపయోగపడడం
కటకం = కాంతిని వంచే పారదర్శక సాధనం, లెన్సు
నాభ్యంతరం = కటకానికీ, కాంతి కేంద్రీకృతమయ్యే బిందువుకూ మధ్య దూరం
ముఖకవళికలు = భావాన్ని తెలిపే ముఖంలోని మార్పులు
అసమదృష్టి = అన్ని దిశలలో చూపు సమానంగా కేంద్రీకృతం కాని దోషం
శరణ్యం = ఆశ్రయింపదగినది
ముంగిలి = ఇంటి ముందుభాగం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కంటి సర్దుబాటును వివరించి, చత్వారం ఎలా ఏర్పడుతుందో తెలపండి.
2. ‘పనికో కటకం’ అనే శీర్షిక ఔచిత్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉపాయం ఏమిటి? అది ఆయనకు ఎలా తోడ్పడింది?
2. మార్చుకొనే కటకాలకు ఉన్న పరిమితులేవి?
3. అస్సాం తేయాకు తోటల అధ్యయనం ఏమి తెలిపింది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘ఉపనేత్రం’ అంటే ఏమిటి?
2. చత్వారం అనే పేరు ఎలా వచ్చింది?
3. ధ్రువణ కటకం దేనిని అడ్డుకొంటుంది?

ఈ) సంధులు
సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం (సవర్ణదీర్ఘ సంధి)
జీవనోపాధి = జీవన + ఉపాధి (గుణ సంధి)
పేర్లున్నాయి, ముందడుగు – వీటిని విడదీసి సంధి పేరు రాయండి.

ఉ) సమాసాలు
దూరదృశ్యం = దూరమైన దృశ్యం (విశేషణ పూర్వపద కర్మధారయం)
వెలుగునీడలు = వెలుగూ, నీడా (ద్వంద్వ సమాసం)
నేత్రపరీక్ష, కటక శక్తి – వీటికి విగ్రహవాక్యాలు రాసి సమాసం పేరు తెలపండి.