అంగుళంలో నూరోవంతు
ఇత్తడి తూటా గొట్టం, ఇంట పోసిన సీసపు గుండు: వాటి వెనుక ఉన్న రసాయనం

శరదృతువులో జింకల వేటకాలం సమీపించేసరికి అమెరికాలోని చిన్న పట్టణాలలో ఎన్నో ఇళ్ల గ్యారేజీలు చిన్న కర్మాగారాలుగా మారుతాయి. ఒక మూల విద్యుత్ కుంపటిపై సీసం కరుగుతూ ఉంటుంది. మరొక మూల బల్లకు బిగించిన మీట యంత్రం, దాని పక్కన బారులు తీర్చిన ఖాళీ ఇత్తడి గొట్టాలు ఉంటాయి. ఒకసారి పేల్చిన తూటా గొట్టాన్ని పారవేయక, దానికి కొత్త ప్రైమరు, కొత్త మందు, స్వయంగా పోతపోసిన గుండు అమర్చి మరల వినియోగించడం ఈ దేశంలో తరతరాలుగా వస్తున్న అలవాటు. దీనినే రీలోడింగ్ అంటారు. పొరుగింటి మిత్రునితో ఆ గ్యారేజీలో అడుగుపెట్టిన తెలుగు బాలుడికి అక్కడ లోహశాస్త్రమూ, రసాయనశాస్త్రమూ కలిసిన ఒక సజీవ పాఠం ఎదురవుతుంది. ఆ పాఠానికి కీలకం గొట్టపు పొడవు.

ఇత్తడే ఎందుకు?

తూటా గొట్టానికి వాడే ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటాయి. మందు మండినప్పుడు గొట్టం ఉబ్బి, తుపాకీ ఛాంబరు గోడలకు అతుక్కుని, వేడి వాయువులు వెనుకకు రాకుండా అడ్డుకోవాలి. మరుక్షణమే కొద్దిగా కుంచించుకుని సులభంగా బయటికి రావాలి. ఈ రెండు గుణాలూ ఇత్తడిలో చక్కగా కలిసి ఉన్నాయి.

జనగామ జిల్లా పెంబర్తిలోని లోహశిల్పులకు ఈ లోహపు స్వభావం బాగా తెలుసు. ఇత్తడి రేకును సుత్తితో కొట్టేకొద్దీ అది గట్టిపడి పెళుసవుతుంది. నిప్పులో కాల్చితే మరల మెత్తబడుతుంది. దెబ్బలకు చిందరవందరైన స్ఫటికాలు వేడికి కొత్తగా ఏర్పడడమే ఇందుకు కారణం. తూటా గొట్టపు మెడ కూడా ప్రతి పేలుడుకూ, ప్రతి దిద్దుబాటుకూ గట్టిపడి, చివరకు పగులుతుంది. అందుకే అనుభవజ్ఞులు మెడను మాత్రమే వేడిచేసి మెత్తబరుస్తారు. అడుగుభాగానికి వేడి తగలనీయరాదు. ఒత్తిడిని తట్టుకునే గట్టిదనం అక్కడే ఉండాలి.

పొడవు పెరిగే తీరు

1906లో అమెరికా సైన్యం స్వీకరించిన ‘థర్టీ ఆట్ సిక్స్’ తూటాను ఉదాహరణగా తీసుకుందాం. దాని గొట్టపు పొడవు 2.494 అంగుళాలకు మించకూడదు. పొడవు పెరిగిన గొట్టాన్ని సాధారణంగా 2.484 అంగుళాలకు కత్తిరిస్తారు. ఈ రెండు అంకెల మధ్య తేడా అంగుళంలో నూరోవంతు, అంటే పావు మిల్లీమీటరు. మూడు నాలుగు తలవెంట్రుకల మందం!

చాలామంది అనుకొనేటట్లు పేలినప్పుడే గొట్టం పొడవు పెరిగిపోదు. అప్పుడు అది ప్రధానంగా అడ్డంగా ఉబ్బుతుంది. తరువాత దానిని పూర్వపు కొలతకు తేవడానికి ఉక్కు అచ్చులోకి నెట్టినప్పుడు, పక్కలనుంచి నొక్కబడిన ఇత్తడి మూతివైపు ప్రవహిస్తుంది. చపాతీ పిండిముద్దను అరచేతుల మధ్య నొక్కి దొర్లిస్తే అది పొడవుగా సాగినట్లే.

మితిమీరి పొడవైన గొట్టపు మూతి ఛాంబరు చివరనున్న సన్నని భాగంలో ఇరుక్కుని గుండును బిగించి పట్టుకుంటుంది. గుండు సకాలంలో విడుదల కాకపోతే లోపలి ఒత్తిడి హఠాత్తుగా పెరుగుతుంది. ఈ తూటాకు ప్రమాణంగా నిర్ణయించిన గరిష్ఠ ఒత్తిడే చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు, అనగా వాయుమండల పీడనానికి సుమారు నాలుగువేల రెట్లు. దానిని మించితే తుపాకీకీ, పట్టుకున్నవారి కళ్లకూ ముప్పు.

పోత గుండు ప్రత్యేకత

స్వచ్ఛమైన సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కాని అది మరీ మెత్తన. అందువల్ల గట్టిదనానికి ఆంటిమొనీ, కరిగిన లోహం అచ్చు మూలమూలలా నిండడానికి తగరం చేరుస్తారు. 90 పాళ్లు సీసం, 5 పాళ్లు తగరం, 5 పాళ్లు ఆంటిమొనీ కలిపిన ‘లైమన్ నంబర్ 2’ ప్రసిద్ధమైన మిశ్రమం.

పోత గుండును తుపాకీ గొట్టపు లోగాడికంటే అంగుళంలో వేయోవంతో, రెండు వేయోవంతులో లావుగా ఉంచుతారు. మెత్తని గుండు అడుగు గీరుకుపోకుండా ఇత్తడి గొట్టపు మూతిని ముందుగా కొద్దిగా విప్పార్చాలి. ఇక్కడే పొడవు సమస్య కొత్త రూపంలో ఎదురవుతుంది. విప్పార్చే పరికరం ఒకే లోతుకు బిగించి ఉంటుంది. పొట్టి గొట్టం మూతి తక్కువగా విచ్చుకుని సీసాన్ని చెక్కేస్తుంది. పొడుగు గొట్టం మూతి అతిగా విచ్చుకుంటుంది. చివరన మూతిని బిగించేటప్పుడు కూడా ఇదే అసమానత.

కొలతలు కుదరనప్పుడు

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ పట్టినవారికి ఈ క్రింది సూచనలు సులభంగా బోధపడతాయి.

1. కొలతకు ముందు కాలిపర్స్ దవడలు తుడిచి, సున్న సరిచూడాలి. గొట్టం ఏమాత్రం వాలినా పొడవు ఎక్కువగా కనిపిస్తుంది.

2. పేలిన ప్రైమరు అడుగునుంచి కొద్దిగా పొడుచుకుని ఉంటే అదీ పొడవులో కలిసిపోతుంది. ముందుగా దానిని తొలగించాలి.

3. అచ్చులో దిద్దిన తరువాతే కొలవాలి. దిద్దకముందు సరిగా ఉన్న గొట్టం దిద్దిన తరువాత హద్దు దాటవచ్చు.

4. కత్తిరించిన మూతికి లోపలా బయటా మిగిలిన గరుకు అంచును తీసివేయాలి.

5. వేర్వేరు తయారీదారుల గొట్టాలను, వేర్వేరు సార్లు పేలినవాటిని కలపరాదు.

6. మూతి వరకు పొడవు సరిగానే ఉన్నా, తక్కువ శక్తి గల పోత గుండ్లతో పదేపదే వాడిన గొట్టపు ‘భుజం’ కొద్దిగా వెనక్కి జరగవచ్చు. పేలిన తరువాత ప్రైమరు బయటికి పొడుచుకుని కనిపించడం దీనికొక సూచన. అటువంటి గొట్టాలను విడిగా ఉంచాలి. పూర్తి శక్తి గల తూటాలకు వాడరాదు.

7. అడుగుకు కొంచెం పైన గొట్టం చుట్టూ మెరిసే వలయం కనిపిస్తే లోపలి గోడ పలచబడిందన్న అనుమానం రావాలి. దానిని కత్తిరించి బాగుచేయలేము, పారవేయడమే మార్గం.

అమ్మోనియా, చింతపండు

బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో వర్షాకాలంలో గుర్రపుశాలల వద్ద నిలువచేసిన తూటాల ఇత్తడి గొట్టాలు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రంనుంచి వెలువడిన అమ్మోనియా, తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు కలిసి ఈ పని చేశాయని 1921లో శాస్త్రజ్ఞులు వివరించారు. కనుక అమ్మోనియా కలిసిన పాలిష్‌తో గొట్టాలను తోమరాదు. మన ఇళ్లలో ఇత్తడి చెంబులు తోమే చింతపండులోని ఆమ్లంవలెనే పలుచని సిట్రిక్ ఆమ్లం నలుపును తొలగిస్తుంది. అయితే అతిగా నానబెడితే జింకు కరిగి ఇత్తడి ఎర్రబారుతుంది.

పిల్లలున్న ఇంట సీసం

తూటా పొడవు తప్పితే ప్రమాదం వెంటనే తెలుస్తుంది. సీసం చేసే హాని చప్పుడు లేకుండా వస్తుంది. కరిగిన సీసం పైన తేలే బూడిద, ప్రైమరు మసి, గొట్టాలను పొడిగా పాలిష్ చేసినప్పుడు లేచే దుమ్ము చేతులకూ బట్టలకూ అంటి ఇంట్లోకి చేరుతాయి. పసివారి మెదడుకు హానిచేయని సీసపు మోతాదు అంటూ ఏదీ తేలలేదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పిల్లల రక్తంలో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములుగా 1991లో పెట్టిన హద్దును 2012లో 5కు, 2021లో 3.5కు తగ్గించింది. సీసం కరిగించడం వంటగదిలో ఎన్నడూ తగదు. గాలి ధారాళంగా ఆడే చోట, కళ్లద్దాలతో, విడి బట్టలతో చేయాలి. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా ఆవిరై లోహాన్ని చిమ్ముతుంది.

చట్టం విషయంలోనూ జాగ్రత్త అవసరం. సొంత వాడకానికి రీలోడింగ్ చేసుకోవడానికి కేంద్ర లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి తయారుచేస్తే కావాలి. కాని విద్యార్థి వీసా, హెచ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గాని తూటా గాని కలిగి ఉండడాన్ని 1998 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. కొన్ని రాష్ట్రాలలో మరిన్ని నిబంధనలు ఉంటాయి.

మందు మోతాదు విషయంలో ప్రచురిత కరదీపిక చెప్పినదే ప్రమాణం; ఊహకు అక్కడ చోటు లేదు. పొరుగింటి గ్యారేజీకి వెళ్లే పిల్లలకు తల్లిదండ్రులు చెప్పి పంపవలసినవి మూడు: పెద్దలు లేనిదే ఏదీ ముట్టుకోకూడదు, కళ్లకు రక్షణ ఉండాలి, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ పైన కాలిపర్స్ చేతికిచ్చి ఒక గొట్టం పొడవు కొలవమంటే, అంగుళంలో నూరోవంతుకు విలువ ఎంతో వారికే తెలుస్తుంది.